ఇంప్లాంట్ బ్రిడ్జి పదికాలాలు నిలవాలంటే: ఇంట్లో ఏం చేయాలి, డాక్టర్ దగ్గర ఏం అడగాలి?

కృష్ణాతీరం

నాన్నగారికి కింది దవడ కుడివైపు మూడు పళ్ల జిర్కోనియా (పింగాణీలా తెల్లగా ఉండే గట్టి పదార్థం) బ్రిడ్జి పెట్టారు. రెండు చివర్లా ఇంప్లాంట్లు (వేరుకి బదులు ఎముకలో బిగించే టైటానియం మరలు), మధ్య పన్ను ఊరికే చిగురు మీద ఆని ఉంటుంది. స్క్రూతో బిగించిన రకం. వయసు 63, షుగర్ ఉంది, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 7.4. మామూలు ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసే దారం) ఆ మూడు పళ్ల మధ్య దిగడం లేదు. నీటి ధారతో సందులు కడిగే వాటర్ ఫ్లాసర్ ఒకటి కొంటే సరిపోతుందా? ఎన్నాళ్లకోసారి చూపించాలి? ఎక్స్‌రే అవసరమా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

చిగురు_ఎముక (చిగుళ్ల వైద్యం)

ఫ్లాస్ పైనుంచి ఎలాగూ దిగదండి. మూడు పళ్లూ ఒకే ముక్కగా చేసినవి కాబట్టి పైన సందు ఉండదు. దారి అడుగు నుంచే. చెంప వైపు నుంచి దూర్చి నాలుక వైపు తీయాలి.

ఇది ఎందుకు ముఖ్యమో ముందు చెప్తాను. టైటానియం పుచ్చిపోదు కదా, ఇక భయం లేదు అనుకుంటారు చాలామంది. పాడయ్యేది దాని చుట్టూ ఉన్న చిగురు, ఆ తర్వాత ఎముక. సహజమైన పంటి చుట్టూ చిగురులోని నారలు వేరులోకి నాటుకుని ఉంటాయి. ఇంప్లాంట్ దగ్గర అవి నాటుకోవు, పక్కన ఆనుకుని ఉంటాయంతే. రక్తప్రసరణ కూడా అక్కడ తక్కువ. అందువల్ల పాచి పేరుకుంటే వాపు త్వరగా లోతుకి దిగుతుంది. పైగా నొప్పి ఉండదు. నొప్పి తెలిసే నాటికి ఎముక బాగా కరిగిపోయి ఉండొచ్చు.

రోజుకోసారి, రాత్రి పడుకునే ముందు సూపర్ ఫ్లాస్ వాడించండి. ఇది ముందే ముక్కలుగా కత్తిరించి వస్తుంది. ఒక కొస గట్టిగా ఉంటుంది, మధ్యలో స్పాంజిలా ఉబ్బిన భాగం, ఆ తర్వాత మామూలు దారం. గట్టి కొసని ముందు ఇంప్లాంట్‌కీ మధ్య పన్నుకీ నడుమ, బ్రిడ్జి అడుగున దూర్చి నాలుక వైపు నుంచి అందుకోవాలి. ఉబ్బిన భాగం ఇంప్లాంట్ దగ్గరకి వచ్చేదాకా లాగాలి. రెండు కొసలూ ముందుకి వంచితే దారం ఇంప్లాంట్ పక్కకి చుట్టుకుంటుంది. అలా పట్టుకుని చిగురు అంచు కిందికి మెత్తగా జరిపి అయిదారుసార్లు అటూ ఇటూ రుద్దాలి. తర్వాత అదే దారాన్ని మధ్య పన్ను అడుగున ఈ చివర నుంచి ఆ చివరకి పాకిస్తూ రెండో ఇంప్లాంట్ దగ్గరకి తీసుకెళ్లి అక్కడా అలాగే. తీసేటప్పుడు ఒక కొస వదిలేసి పక్కకి లాగేయాలి.

తీశాక దారం వైపు ఒకసారి చూడండి. పోగులు లేచి చిరిగిందంటే లోపల ఎక్కడో గరుకు అంచు ఉంది. తెగిన పోగు ఇంప్లాంట్ మరల్లో ఇరుక్కుంటే అదే వాపుకి కారణమవుతుంది. రెండు మూడు రోజులు వరసగా చిరుగుతుంటే ఫ్లాస్ ఆపి డాక్టర్‌కి చూపించండి.

హెచ్‌బీఏ1సీ సంగతి మీ ఫిజీషియన్‌తో మాట్లాడండి. 7 లోపు ఉంచగలిగితే చిగుళ్లకి చాలా మేలు. ఈ వయసులో ఎంత వరకు తగ్గించాలనేది ఆయన నిర్ణయం.

పుక్కిలింత (డెంటల్ హైజీనిస్ట్)

పైన చెప్పినదానికి తోడు, నేనైతే ఇంటర్‌డెంటల్ బ్రష్‌నే (పళ్ల సందుల్లో దూర్చే చిన్న బ్రష్) ముందు పెడతాను. 60 దాటినవాళ్లకి సూపర్ ఫ్లాస్ దూర్చడానికి వేళ్లు సహకరించవు, నాలుగు రోజులు చేసి మానేస్తారు. చిన్న బ్రష్ అయితే అద్దం లేకుండానే అలవాటవుతుంది.

కొనేటప్పుడు తీగ మీద ప్లాస్టిక్ పూత ఉన్నదే తీసుకోండి. ఉత్త తీగ టైటానియాన్ని గీకుతుంది. సైజు ఒకటే కొనకండి. ఇంప్లాంట్ పక్క సందులు ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి. బలవంతం లేకుండా దూరేవాటిలో పెద్దది ఏదో అదే సరైన సైజు. దూర్చినప్పుడు కుచ్చులు రెండు వైపులా తాకాలి, కాస్త పట్టు తెలియాలి. సునాయాసంగా జారిపోయిందంటే చిన్నదైనట్టే. చెంప వైపు నుంచి నాలుగైదు సార్లు, వీలైతే నాలుక వైపు నుంచి కూడా. కుచ్చులు వంగిపోయినా, తీగ మెలి తిరిగినా పారేయండి. చిగురు వాపు తగ్గాక సందు పెద్దదవుతుంది, అప్పుడు మళ్లీ సైజు చూసుకోవాలి.

చివరి ఇంప్లాంట్ వెనక గోడ మీద అందరికీ పాచి మిగిలిపోతుంది. మామూలు బ్రష్ తల అక్కడ పట్టదు. దానికి ఒకే కుచ్చు ఉండే సింగిల్ టఫ్ట్ బ్రష్ వాడాలి. నోరు సగం మూసి, చెంప వదులుగా ఉంచి, వెనక నుంచి నాలుక వైపుకి చిగురు అంచు వెంబడి తిప్పాలి. నోరు పూర్తిగా తెరిస్తే చెంప బిగుసుకుని చోటు ఉండదు.

వాటర్ ఫ్లాసర్ మంచిదే, రక్తం కారడం తగ్గిస్తుంది. ఇరుక్కున్న మెతుకులు, పీచు బయటికి కొట్టేస్తుంది. కానీ జిగురుగా అంటుకున్న పాచి రుద్దితేనే పోతుంది. కాబట్టి ముందు వాటర్ ఫ్లాసర్, తర్వాత చిన్న బ్రష్ లేదా సూపర్ ఫ్లాస్. మెత్తటి కొన పెట్టుకుని, తక్కువ ప్రెషర్‌తో మొదలుపెట్టి, ధార చిగురు అంచుకి అడ్డంగా తగిలేలా పట్టుకోవాలి. చిగురు లోపలికి గురిపెట్టి ఫుల్ ప్రెషర్ కొట్టకూడదు. ఇంట్లో బోరు నీళ్లైతే ఫిల్టర్ నీళ్లే పోయండి, లేకపోతే నాజిల్‌లో తెల్ల గార కట్టి ధార పక్కకి కొడుతుంది. వాడాక ట్యాంకులో నీళ్లు నిలవ ఉంచొద్దు.

నల్లమల

మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ పళ్లపొడి, ఉప్పు, బొగ్గు అంటారు. బ్రిడ్జి మీద వాడొచ్చా? వేప పుల్ల?

పుక్కిలింత

బొగ్గు, గరుకు పళ్లపొడి వద్దండి. జిర్కోనియా గట్టిదే, దానికేం కాదు. చిగురు అరిగి కిందికి జారిపోతే ఇంప్లాంట్ మెడ, మరలు బయటపడతాయి. గరుకు పొడి రేణువులు ఆ సందులో చేరితే కడిగినా రావు. వేప పుల్ల మిగతా పళ్లకి వాడుకోవచ్చు, బ్రిడ్జి అడుగుకి అది చేరదు. పైగా పీచు విరిగి చిగుట్లో గుచ్చుకుంటుంది.

గరుకు లేని మామూలు ఫ్లోరైడ్ పేస్ట్ చాలు. క్లినిక్‌లో ఫ్లోరైడ్ జెల్ పెట్టేటప్పుడు మాత్రం ఇంప్లాంట్ ఉందని చెప్పండి. పుల్లగా ఉండే ఆమ్ల రకం జెల్ టైటానియాన్నీ పింగాణీ మెరుపునీ దెబ్బ తీస్తుంది. న్యూట్రల్ రకం అడగాలి.

క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ మన దగ్గర 0.2 శాతంలో దొరుకుతుంది. డాక్టర్ చెబితే 10 మి.లీ., రోజుకి రెండుసార్లు, రెండు వారాలు. పేస్ట్‌తో తోముకున్న వెంటనే పోసుకుంటే పేస్ట్‌లోని నురగ పదార్థం దాని పని చెడగొడుతుంది. అరగంట ఆగండి. టీ, కాఫీ ఎక్కువ తాగేవాళ్లకి గోధుమ రంగు మరకలు వస్తాయి, వాడుతున్నన్నాళ్లూ రుచి కూడా మారొచ్చు. రోజువారీ అలవాటుగా వాడే మందు కాదిది.

బెంచి_మీద (డెంటల్ ల్యాబ్ టెక్నీషియన్)

ఇంట్లో ఎంత శ్రద్ధ పెట్టినా బ్రిడ్జి ఆకారం తప్పైతే లాభం లేదు. ఈ మాట పేషెంట్లకి ఎవరూ చెప్పరు, అందుకే రాస్తున్నా.

మధ్య పన్ను అడుగు భాగం చిగురు వైపు ఉబ్బెత్తుగా, నున్నగా ఉండాలి. చిగురుని రెండు వైపులా కప్పుకునేలా గుంటగా చేస్తే ఆ గుంటలోకి ఏ దారమూ ఆనదు, పాచి శాశ్వతంగా అక్కడే. చూడటానికి అందంగా ఉండాలని చెంప వైపు అంచుని చిగురు మీదకి పొడిగించమని కొన్నిసార్లు అడుగుతారు. ముందు పళ్లకి కొంత తప్పదు, దవడ పళ్లకి అవసరమే లేదు. ఇంప్లాంట్ రెండు పక్కలా చిన్న బ్రష్ దూరేంత దారి వదలాలి.

ఫైనల్‌గా బిగించే ముందు ట్రయల్ రోజునే బ్రష్ చేతికిచ్చి దూర్చి చూపించమనండి. దూరకపోతే ఆ రోజే వెనక్కి పంపాలి. బిగించాక తెలిసినా స్క్రూ రకం కాబట్టి విప్పి అడుగు సరిచేసి మళ్లీ పాలిష్ చేయొచ్చు. సిమెంట్‌తో అతికించే రకంలో అది చాలా కష్టం.

ఇంకోటి. కొరుకుడు సరిచేయడానికి జిర్కోనియాని నోట్లో గీకితే ఆ చోటు గరుకుగా మిగులుతుంది, ఎదుటి పన్నుని అరగదీస్తుంది. గీకిన ప్రతిసారీ డైమండ్ రబ్బరుతో అద్దంలా పాలిష్ చేయాల్సిందే.

కృష్ణాతీరం

అందరికీ ధన్యవాదాలు. నిన్న చిన్న బ్రష్ పెట్టించాం. వెనక ఇంప్లాంట్ దగ్గర కొంచెం రక్తం వచ్చింది. గాయమైందేమో, ఆపేయాలా?

చిగురు_ఎముక

ఆపొద్దు. రక్తం వచ్చిన చోటే ఇన్నాళ్లూ శుభ్రం కాలేదన్నమాట. మెత్తగా, సరైన సైజుతో 10 నుంచి 14 రోజులు చేస్తే చాలావరకు తగ్గుతుంది. రెండు వారాలు దాటినా రక్తం వస్తుంటే, లేదా చీము, చెడు రుచి, చిగురు ఎర్రగా ఉబ్బడం కనిపిస్తే వెంటనే చూపించండి.

డాక్టర్ దగ్గర ఇంప్లాంట్ చుట్టూ చిగురు సందు లోతుని ప్రోబ్‌తో (గీతలున్న సన్నని కొలత పుల్ల) కొలిపించుకోండి. ప్రోబ్ పెడితే ఇంప్లాంట్ పాడవుతుందని కొందరు పెట్టరు. మెత్తగా, దాదాపు 25 గ్రాముల బరువంత ఒత్తిడితో కొలిస్తే ఏమీ కాదు. కొలవకపోతేనే ప్రమాదం. రక్తం ఉండి ఎముక మామూలుగా ఉంటే దాన్ని మ్యూకోసైటిస్ అంటారు, శుభ్రం చేస్తే వెనక్కి తగ్గుతుంది. ఎముక కూడా కరుగుతుంటే పెరి ఇంప్లాంటైటిస్. అది తనంతట తాను ఆగదు. పాత ఎక్స్‌రేలు, పాత కొలతలు లేని పేషెంట్ విషయంలో 2017 అంతర్జాతీయ వర్గీకరణ ఇచ్చిన గీత ఇది: రక్తం లేదా చీముతో పాటు లోతు 6 మి.మీ. లేదా ఎక్కువ, ఎముక 3 మి.మీ. లేదా ఎక్కువ కిందికి దిగి ఉండటం.

ఎక్స్‌రే అడిగారు కదా. బ్రిడ్జి బిగించిన రోజు తీసిన చిన్న ఎక్స్‌రే చాలా విలువైనది, అదే పోలికకి ఆధారం. తీయకపోతే ఇప్పుడైనా తీయించండి. ఏడాదికి ఇంకోటి, ఆ తర్వాత డాక్టర్ చూసి చెప్పినట్టు ఏడాదికో రెండేళ్లకో. ఓపీజీ (రెండు దవడలూ ఒకేసారి కనిపించే పెద్ద ఎక్స్‌రే) ఒక్కటే చాలదు. చిన్న ఎక్స్‌రేలో ఇంప్లాంట్ మరలు రెండు వైపులా విడివిడిగా, పదునుగా కనిపించాలి. మరలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి మసకగా ఉంటే కోణం తప్పింది, ఆ ఫిల్మ్‌లో ఎముక ఎత్తు నమ్మలేం. మళ్లీ తీయమని అడగడానికి మొహమాటపడకండి.

క్లీనింగ్ మాట. గార గీకే మామూలు స్టీల్ స్కేలర్ కొన టైటానియం మీద వాడకూడదు, గీతలు పడి పాచి ఇంకా గట్టిగా పడుతుంది. టైటానియం క్యూరెట్లు (చేత్తో గార గీకే పనిముట్లు), ప్లాస్టిక్ కొన ఉన్న అల్ట్రాసోనిక్, లేదా గ్లైసిన్, ఎరిత్రిటాల్ లాంటి మెత్తటి పౌడర్‌ని గాలితో చిమ్మి పాచి తీసే ఎయిర్ పాలిషింగ్ ఉండాలి. "మీ దగ్గర ఇంప్లాంట్ టిప్స్ ఉన్నాయా?" అని ముందే ఫోన్‌లో అడగండి. యాంటీబయాటిక్ కోర్సు ఇచ్చి పంపేస్తే అది వైద్యం కాదు. అంటుకున్న పాచి, గార తీయకుండా మాత్రలతో తగ్గదు.

పొగ, ఖైనీ, గుట్కా ఉంటే ఇవన్నీ చేసినా ఫలితం సగమే. ఈ ఒక్క విషయంలో నేను పేషెంట్లతో గట్టిగానే మాట్లాడతాను.

స్క్రూ_బిగువు (ప్రోస్తోడాంటిస్ట్, కట్టుడు పళ్ల వైద్యం)

స్క్రూ సంగతి నేను చెప్తాను. వదులవడం ఒక్కసారిగా జరగదు. ముందు నమిలినప్పుడు సన్నగా టిక్‌మనడం, తర్వాత అడుగు నుంచి చెడు వాసన, ఆ తర్వాత వేలితో ఒత్తితే చిన్న కదలిక. మొదటి లక్షణం దగ్గరే వస్తే పావుగంట పని: విప్పి, కడిగి, కొత్త స్క్రూతో కంపెనీ చెప్పిన టార్క్‌కి (తిప్పే బలం కొలత) బిగిస్తాం. వదులుగానే నెలలు నమిలితే స్క్రూ లోపల విరిగిపోతుంది. ఆ ముక్క బయటికి తీయడం మైక్రోస్కోప్ కింద గంటల పని, ఒక్కోసారి ఇంప్లాంటే వదులుకోవాలి.

అబట్‌మెంట్ (ఇంప్లాంట్‌కీ పైనున్న పంటికీ మధ్య ముక్క) స్క్రూకి చాలా కంపెనీలు 30 నుంచి 35 న్యూటన్ సెంటీమీటర్లు, మల్టీ యూనిట్ అనే అబట్‌మెంట్ మీద కూర్చునే బ్రిడ్జి స్క్రూకి 15 వరకు చెబుతాయి. చేతి డ్రైవర్‌తో "గట్టిగా" బిగించడం కొలత కాదు, టార్క్ రెంచ్ ఉండాలి. ఒకసారి బిగించి పది నిమిషాలాగి మళ్లీ అదే టార్క్‌కి తిప్పాలి. మొదటిసారి మరల మీది సన్నని గరుకు నలిగి కొంత బిగువు పోతుంది, రెండోసారి తిప్పితే అది తిరిగి వస్తుంది.

స్క్రూ మీద టెఫ్లాన్ టేపు, దాని పైన కాంపోజిట్ పూడిక. నమిలే చోట గుండ్రటి గుంట కనిపించినా, తెల్లటి టేపు బయటికి వచ్చినా పూడిక ఊడిందని అర్థం. అత్యవసరం కాదు గానీ ఈ వారంలోనే వేయించుకోండి. పిన్నీసు పెట్టి టేపు పీకొద్దు.

బ్రిడ్జి పూర్తిగా చేతిలోకి వస్తే డబ్బాలో పెట్టి తీసుకురండి. ఫెవిక్విక్‌తో అతికించే ప్రయత్నం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఆ జిగురు గీకి తీసేసరికి కూర్చునే అంచులు పోతాయి, మొత్తం కొత్తగా చేయాలి.

సిమెంట్ రకం పెట్టించుకున్నవాళ్లకి ఒక హెచ్చరిక. చిగురు కింద మిగిలిపోయిన సిమెంట్ తునక ఇంప్లాంట్ వాపుకి పేరుమోసిన కారణం. పెట్టిన కొన్ని నెలలకో, కొన్నేళ్లకో బయటపడుతుంది. బ్రష్, ఫ్లాస్ అన్నీ చేస్తున్నా ఒకే చోట రక్తం ఆగకపోతే "సిమెంట్ మిగిలిందేమో చూడండి" అని అడగండి.

డల్లాస్_బాటసారి

సెలవుల్లో హైదరాబాద్ వచ్చి ఇంప్లాంట్లు పెట్టించుకుని అమెరికా వెళ్లేవాళ్లు తీసుకెళ్లాల్సిన కాగితాలేంటి? ఇక్కడ ఏ డెంటిస్టూ ముట్టుకోవడానికి ఇష్టపడడు.

స్క్రూ_బిగువు

ముట్టుకోకపోవడానికి కారణం ఉంది. కంపెనీకో డ్రైవర్ ఆకారం, కంపెనీకో స్క్రూ. ఏదో తెలియకుండా తప్పు డ్రైవర్ పెడితే స్క్రూ తల పాడవుతుంది, ఆ తర్వాత ఎవరూ విప్పలేరు. కాబట్టి ఇవి రాయించుకోండి: ఇంప్లాంట్ కంపెనీ, మోడల్, వ్యాసం, పొడవు, లాట్ నంబర్ (ప్యాకెట్ మీద స్టిక్కర్ ఉంటుంది, అదే అతికించమనండి), అబట్‌మెంట్ రకం, ఏ డ్రైవర్, ఎంత టార్క్, బ్రిడ్జి స్క్రూ రకమా సిమెంట్ రకమా, ఏ మెటీరియల్. బిగించిన రోజు ఎక్స్‌రే ఫైల్ ఫోన్‌లో కాక ఈమెయిల్‌లో పెట్టుకోండి. వీలైతే అదే కంపెనీ స్క్రూ ఒకటి స్పేర్‌గా అడిగి దగ్గరుంచుకోవడం ఇంకా మంచిది. మీరుండే దేశంలో దొరకని కంపెనీవి పెట్టించుకుంటే ఈ చిక్కు రెట్టింపవుతుంది. ఎంచుకునేటప్పుడే ఆలోచించాలి.

గోదారిగట్టు

మొత్తం పైదవడకి ఆల్ ఆన్ ఫోర్ (నాలుగు ఇంప్లాంట్ల మీద దవడ మొత్తానికి ఒకే బ్రిడ్జి) ఉన్నవాళ్లకి ఏడాదికోసారి బ్రిడ్జి విప్పి కడగాలంటారు, నిజమేనా?

చిగురు_ఎముక

నా ఓటు విప్పమనే. మొత్తం దవడ బ్రిడ్జి అడుగు ఎవరూ పూర్తిగా చూడలేరు. విప్పితేనే ఏ ఇంప్లాంట్ దగ్గర గార కట్టిందో, ఎక్కడ చిగురు ఉబ్బి అడుగుకి అంటుకుందో తెలుస్తుంది.

స్క్రూ_బిగువు

నేను ఒప్పుకోను. విప్పిన ప్రతిసారీ స్క్రూ మరలు కొంత అరుగుతాయి, కొత్త స్క్రూలు వేయాలి, ఖర్చు, సమయం. కొలతలు బాగుండి, రక్తం లేక, పేషెంట్ అడుగున శుభ్రంగా ఉంచుకుంటుంటే విప్పాల్సిన పని లేదు. అమెరికన్ ప్రోస్తోడాంటిస్టుల కాలేజీ 2016 మార్గదర్శకాల్లో కనీసం ఆరు నెలలకోసారి చూపించమంది. అది మాత్రం తప్పకుండా పాటించాలి. లక్షణాలు కనిపిస్తే విప్పుదాం.

చిగురు_ఎముక

పేషెంట్ అడుగు శుభ్రంగా ఉందో లేదో విప్పకుండా ఎలా తెలుస్తుందనేదే నా ప్రశ్న. అయినా షుగర్, పొగ, ఇదివరకు చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లకి ఏడాదికి విప్పాలి, మిగతావాళ్లకి లక్షణాలను బట్టి అంటే ఇద్దరం ఒప్పుకోవచ్చు.

స్క్రూ_బిగువు

దానికి ఒప్పుకుంటా.

గోదారిగట్టు గారూ, పళ్లు యాక్రిలిక్‌వా జిర్కోనియావా కనుక్కోండి. యాక్రిలిక్ పళ్లు అరుగుతాయి, ఊడతాయి, కొన్నేళ్లకోసారి మార్చాల్సి రావచ్చు. చివరి ఇంప్లాంట్ దాటి వెనక్కి వేలాడే భాగం మీద గట్టివి కొరకొద్దు. అక్కడ వేసే బరువు అంతా దానికి దగ్గర్లో ఉన్న స్క్రూ మీద పడుతుంది.

నల్లమల

ఏవి తినకూడదో కూడా చెప్పండి.

బెంచి_మీద

ల్యాబ్‌కి వచ్చే విరిగిన పింగాణీ బ్రిడ్జిల వెనక ఎప్పుడూ ఇవే ఉంటాయి: మటన్ బొక్క కొరకడం, ఆవకాయ టెంక నమలడం, గట్టి సకినాలు, చెరకు పళ్లతో చీల్చడం, సీసా మూత తీయడం. లోహం మీద పింగాణీ పొర ఉన్న బ్రిడ్జిలో పొర ఎగిరిపోతుంది. పూర్తి జిర్కోనియా అయితే అది తట్టుకుని స్క్రూ మీదకి బరువు నెట్టేస్తుంది. చెరకు ముక్కలు కోసుకుని తినొచ్చు, జంతికలు విరిచి వేసుకోవచ్చు. మునక్కాయ, పీచు మామిడి తిన్న పూట మాత్రం వాటర్ ఫ్లాసర్ తప్పనిసరి.

స్క్రూ_బిగువు

దానికి కారణం కూడా తెలుసుకోవాలి. సహజ పన్ను చుట్టూ సన్నని పొర ఉంటుంది, నమిలినప్పుడు పన్ను 25 నుంచి 100 మైక్రాన్ల దాకా కదులుతుంది. ఇంప్లాంట్ 3 నుంచి 5 మైక్రాన్లే. ఎంత గట్టిగా కొరుకుతున్నామో ఇంప్లాంట్ దగ్గర సరిగా తెలియదు కూడా. అందుకే కొరుకుడు సరిచూసేటప్పుడు 8 మైక్రాన్ల షిమ్ రేకు పెడతాం. మెల్లగా పళ్లు ఆనిస్తే రేకు బ్రిడ్జి దగ్గర జారిపోవాలి, గట్టిగా కొరికినప్పుడే పట్టాలి. మిగతా పళ్లు ఏళ్ల తరబడి అరిగి, జరిగిపోతుంటాయి కాబట్టి ఏడాదికోసారి ఈ పరీక్ష మళ్లీ చేయాలి. నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే గట్టి యాక్రిలిక్ నైట్ గార్డ్ చేయించుకోవాలి. దుకాణాల్లో దొరికే మెత్తటి రబ్బరుది కొందరికి కొరికే అలవాటు పెంచుతుంది.

కృష్ణాతీరం

చివరి ప్రశ్న. బ్రిడ్జికి ముందున్న సొంత పన్నుకీ బ్రిడ్జికీ మధ్య ఈమధ్య మెతుకులు ఇరుక్కుంటున్నాయి, మొదట్లో లేదు. ఇది కూడా స్క్రూ వదులేనా?

స్క్రూ_బిగువు

కావచ్చు, ముందు అది చూపించండి. స్క్రూ బిగువుగానే ఉంటే పన్ను జరిగి ఉంటుంది. సొంత పళ్లు వయసుతో పాటు కొంచెం కొంచెంగా ముందుకి జరుగుతాయి, ఇంప్లాంట్ జరగదు, మధ్యలో సందు తెరుచుకుంటుంది. చాలా మామూలు విషయం. వదిలేస్తే నష్టం సొంత పన్నుకే ఎక్కువ, ఆ గోడ పుచ్చుతుంది. ఫ్లాస్ అక్కడ పైనుంచే దిగుతుంది. అడ్డం లేకుండా జారిపోతే సందు తెరుచుకున్నట్టే. బ్రిడ్జి విప్పి ల్యాబ్‌లో ఆ పక్క పింగాణీ కలిపించొచ్చు, లేదా సొంత పన్నుకి ఎలాగూ పూడిక వేయాల్సి ఉంటే దాన్నే కాస్త ఉబ్బుగా వేసి సందు మూయొచ్చు. అందాకా రోజూ రెండుపూటలా అక్కడ చిన్న బ్రష్ పెట్టించండి.